శంషాబాదు మార్గమున ఉక్కు బండ్లు

భాగ్యనగరమునకు దక్షిణముగా, బెంగుళూరు పోవు రాజమార్గముపై నున్న శంషాబాదు నేడు విమానముల మూలమున దేశదేశములవారికి తెలిసిన యూరైనది. 2008వ సంవత్సరము మార్చి నెలలో ఇచ్చట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభింపబడినది. అంతకు పూర్వము నగరములోని బేగంపేటనుండియే విమానములు రాకపోకలు సాగించుచుండెను. సుమారు 5,500 ఎకరముల నేలలో నెలకొన్న ఈ క్షేత్రమున పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. 2009 అక్టోబరులో మెహిదీపట్నమునుండి ఆరాంఘరు వఱకు 11.6 కిలోమీటర్ల వంతెనదారి పి. వి. నరసింహారావుగారి పేర తెఱవబడుటతో నగరమునుండి ఇచ్చటికి వచ్చుట సుకరమైనది. నగరమును వడ్డాణమువలె చుట్టుకొనిన 158 కిలోమీటర్ల వెలుపలి వలయమార్గము కూడ శంషాబాదు ప్రక్కగనే పోవుచున్నది.

ఈ యూరిని చూడవచ్చినవారు తఱచుగా ఆకాశమువంకనే చూతురు. మేము మాత్రము ఈ పర్యాయము నేలమీది బండ్లవంక చూచితిమి. వానిని గుఱించి మన సోదరీమణులతో ముచ్చటింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆరాంఘరు దాటిన పిమ్మట గగనపహాడు, సాతంరాయి మీదుగా శంషాబాదు చేరి, అటనుండి పాల్మాకుల, కొత్తూరు, నందిగామల మీదుగా షాద్‌నగరు పోవు ఈ దారి పూర్వము 7వ నంబరు జాతీయ రహదారి; ఇప్పుడు 44వ నంబరు. ఉత్తరమున శ్రీనగరునుండి దక్షిణమున కన్యాకుమారి వఱకు పోవు దారి యిదియే. ఇరుప్రక్కల నల్లని రాతిగుట్టలు, వాని సందులలో సీతాఫలపు పొదలు. ఋతువు వచ్చినప్పుడు పల్లెపడుచులు గంపలకొలది సీతాఫలములు దెచ్చి దారిప్రక్కన కూర్చుందురు. శంషాబాదునకు చేరువనే నర్కూడయొద్ద అమ్మపల్లి సీతారామచంద్రస్వామివారి ప్రాచీన దేవళము, దాని యెత్తైన గోపురము, కోనేరు చూడదగినవి. సమీపముననే ముచ్చింతలలో 216 అడుగుల రామానుజాచార్యులవారి పంచలోహ విగ్రహము కలదు. దానిని చీనాదేశమున విడిభాగములుగా పోతపోయించి తెప్పించి, ఇచ్చట కూర్చిరి. 2022వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన అది ఆవిష్కరింపబడినది.

విమానాశ్రయపు కప్పైనను, వంతెనదారియైనను, మహావిగ్రహమైనను, మనము కట్టుకొను చిన్న యిల్లైనను, ఇవన్నియు ముందుగా లారీలమీదనే వచ్చినవిగదా! దారిలో మాకు ఎదురైన బండ్లలో సగము లోహమును మోయుచున్నట్లే తోచెను. కాటేదాను వాడలోని కర్మాగారములకు పోవునవి కొన్ని. కొత్తూరు, షాద్‌నగరు ప్రాంతముల రోలింగు మిల్లులనుండి సలాకలు తెచ్చునవి కొన్ని. విశాఖపట్నపు కడ్డీలు, తీగచుట్టలు, బళ్లారి సీమనుండి వచ్చు రేకుచుట్టలు మోయునవి మఱికొన్ని. ప్రక్కగోడలు లేక, ఉత్త బల్లవలె చదునుగ నుండు పొడవైన ట్రైలరుబండ్లు వీనిలో విస్తారము. గోడలు లేని బండిపై ఇరువది టన్నుల యినుము పోవుచుండగా దానిని అచ్చట నిలిపియుంచునదేమి? ఈ ప్రశ్న మాకు ఆ దారిలోనే పుట్టెను.

ఉక్కు మన తెలుగునేలకు క్రొత్త వస్తువు కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో కరిగించి చేసిన ఉక్కును కొనుటకు పారసీక దేశపు ఇస్ఫహానునుండి వర్తకులు స్వయముగా వచ్చి కూర్చుండెడివారు. ఆ సంగతిని వాయిజీ అను శాస్త్రజ్ఞుడు కన్నులార చూచి వ్రాయగా, ఆ వ్రాత 1832లో అచ్చుపడినది. అంతకు ముందే, 17వ శతాబ్దమున, టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు గోలకొండ రాజ్యపు ఉక్కును మెచ్చుకొనెను. పేరెన్నికగన్న డమాస్కసు కత్తులకు ఇట్టి ఉక్కే మూలము. అయితే ఆ కాలపు ఉక్కు అరచేతిలో ఇముడునంతటి బిళ్లలుగా నుండెను. ఎద్దులపై సంచులలో అది పోవుచుండగా ఒక బిళ్ల జాఱిపడినను ఎవరికిని ప్రాణాపాయము లేదు. విశాఖపట్నమున ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో మనవారు గొప్ప ఆందోళనము సలిపిరి. 1971 జనవరి 20న శంకుస్థాపనము జరిగెను. 1992లో అది జాతికి అంకితమయ్యెను. ఇట్లు ఉక్కు పెరిగినది, బండి పెరిగినది, వేగము పెరిగినది. వీనితోపాటు కట్టు కూడ పెరుగవలెనను ఎఱుక మాత్రము అందఱికిని ఒక్కరీతిగ కలుగలేదు.

మాలో ఒక సోదరి శంషాబాదు ప్రక్కన చిన్న యిల్లు కట్టించుచున్నది. ఆమెకు సలాకలు కొనవలసియుండగా మేమయిదుగురము తోడుగా కొత్తూరు వైపు పోయితిమి. వేయి చదరపు అడుగుల యింటికి సుమారు నాలుగు టన్నుల ఉక్కు పట్టునని మేస్త్రీల లెక్క. పండ్రెండు మిల్లీమీటర్ల లావుగల సలాక 12 మీటర్ల పొడవున అమ్ముదురు. అట్టిది ఒక్కొక్కటి పదికిలోల ఆఱువందల గ్రాములకు పైగా తూగును. నాలుగు టన్నులన్నచో అట్టివి ఇంచుమించు 375 సలాకలు. ఇంటిని కట్టించుకొను ఇల్లాలు ఈ లెక్కను తెలిసికొనుట మంచిది. లావును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానితోనే హెచ్చవేసి, 162 చేత భాగించినచో మీటరొకటికి ఎన్ని కిలోలో వచ్చును. ధర్మకాంటాలో తూచిన తూనికను దీనితో సరిచూచుకొనవచ్చును.

మొదటి విడతగా రెండు టన్నులు తీసికొన నిశ్చయమైనది. అప్పుడు అంగడి గుమాస్తా, "ఆటో ట్రాలీల రెండు మూడు సార్లు ఏసి పంపిస్తమమ్మా, కిరాయి తక్కువైతది. ఎనక ఎర్రగుడ్డ గడ్తం" అనెను. సలాకను నడుమకు వంచి రెండుగా మడిచినను ఆఱు మీటర్లు, అనగా దాదాపు ఇరువది అడుగులు. ట్రాలీ పొడవో ఆఱేడు అడుగులు. మిగిలిన పదుమూడడుగులు ముందునకును వెనుకకును బల్లెములవలె పొడుచుకొనివచ్చి, రోడ్డు గుంతలలో ఎగిరిపడుచు పోవలసినదే. చీకటిపడినచో ఎఱ్ఱగుడ్డ ఎవరికి కనబడును? వెనుక స్కూటరుపై బిడ్డను ముందు నిలుపుకొని వచ్చు తండ్రి ఆ మొనను చూచునప్పటికి అది వాని ముఖమునకు మూరెడు దూరమున నుండును. మా సోదరి ఒక్కమాటలో, "నా గోడలకొఱకు ఇంకొకరి కన్ను పోగూడదు. పూర్తి పొడవు పట్టు లారీలోనే పంపుడు" అని చెప్పెను. గుమాస్తా నొచ్చుకొనలేదు. ఆ మాట అడుగువారు తక్కువయనియు, అడిగినచో పంపుట కష్టము కాదనియు అతడే యొప్పుకొనెను.

తరువాత మేము చెట్టునీడన నిలిచి, సలాకల నెక్కించు విధమంతయు చూచితిమి. హమాలీలకు పెద్దయైన ముసలి మేస్త్రీ యొకడు దగ్గఱనుండి చేయించుచుండెను. ముందుగా ఖాళీ లారీని ధర్మకాంటాపై తూచిరి. బండి నేలమీద అడ్డముగ చెక్కదిమ్మెలు పఱచిరి. ఒక లావు సలాకల నొక కట్టగా, మఱియొక లావువానిని వేఱొక కట్టగా తీగతో బిగించిరి. పెద్దకట్టలు అడుగున, చిన్నవి పైన, కుడియెడమల సమముగ. ప్రతి కట్టయు డ్రైవరు గదివెనుకనున్న ముందుగోడకు తాకునట్లు నెట్టిరి. ఆ మీద ముందు, నడుమ, వెనుక మూడుచోట్ల గొలుసులు వైచి, మీట వైచి బిగించిరి. గొలుసు ఒఱసికొను చోట పాత టైరుముక్కలు పెట్టిరి.

అంత బరువైన సామగ్రికి ఇన్ని కట్లు ఏల యని మేమడుగగా ఆ ముసలివాడు నవ్వి, "బరువున్నదని ఇడిసిపెట్టొద్దమ్మా. బరువున్నదానికే ఎక్కువ కట్టు గావాలె" అనెను. పిమ్మట ఒక కట్టను చూపి, "పైనున్నయి మంచిగనే ఉంటయి. నడిమిట్లది జారుతది. చీపురుకట్ట జూడలేదా?" అనెను. ఈ పోలిక మాకు మిక్కిలి నచ్చినది. మన యింట చీపురుకట్ట త్రాడు వదులైనప్పుడు వెలుపలి పుల్లలు నిలిచియే యుండును. లోపలి పుల్లయే మెల్లగా జాఱి బయటికి వచ్చును. ఏలయన, త్రాటి పట్టు వెలుపలివానిపై నేరుగా పడును గాని లోపలిదానిపై ప్రక్కపుల్లల ఒత్తిడి మాత్రమే యుండును. సలాకల కట్టయు నట్టిదే. పైనుండి క్రిందికి నొక్కు గొలుసుమాత్రమే చాలదు. కట్టచుట్టును తిరిగివచ్చు నడుముకట్టు కూడ నుండిననే నడిమి సలాకలు నిలుచును.

ఆ ఆవరణముననే రేకుచుట్టలు మోసికొనివచ్చిన యొక ట్రైలరు నిలిచియుండెను. ఒక్కొక్క చుట్ట మనిషియెత్తు, టన్నులకొలది తూకము. దానినిచూచి మాకు పొత్రము జ్ఞప్తికి వచ్చెను. చదునైన బండపై పొత్రమును పెట్టినచో అది ఊరకుండునా? చుట్ట నడిమి రంధ్రము ప్రక్కలవైపు తిరిగియుండునట్లు పరుండబెట్టినచో, బ్రేకు వేసినప్పుడు చుట్ట ముందునకు దొర్లి డ్రైవరు గదిమీదికి వచ్చును. రంధ్రము దారివైపు తిరిగియుండునట్లు పెట్టినచో, మలుపులో ప్రక్కకు దొర్లి దారినపోవువారిపై పడును. కావున ఏరీతిగ పెట్టినను దానిక్రింద ఏటవాలు దుంగలతో గట్టి తొట్టెవంటి ఆధారము నమర్చి, రంధ్రములోనుండి గొలుసులు దూర్చి, రెండుప్రక్కల బిగింపవలెను. నీళ్లబిందె క్రింద మన తల్లులు పెట్టు చుట్టకుదురు చేయు పనియే ఇచ్చట ఆ దుంగలు చేయుచున్నవి. కుదురులేని బిందెను ఏ యిల్లాలును నమ్మదు.

మరలివచ్చుచు దారిలో ఒక చిన్న టీకొట్టునొద్ద నిలిచితిమి. దానిని నడుపుచున్నది నలుబదియేండ్ల ఇల్లాలు. లోపల మంచముపై ఆమె భర్త కూర్చుండి, గ్లాసులు తుడిచి అందించుచుండెను. అతని కుడికాలు మోకాలి క్రింద లేదు. మేము ఉక్కుబండ్లనుగుఱించి మాటలాడుకొనుట విని ఆమె తానై చెప్పనారంభించెను. అతడు పదునెనిమిదేండ్లు లారీ నడపెనట. ఒకనాడు సలాకలబండితో వచ్చుచుండగా పల్లెయొద్ద పిల్లవాడొకడు రోడ్డునకు అడ్డముగ పరుగెత్తుకొని వచ్చెను. "పిల్లగాన్ని జూసి బ్రేకు కొట్టిండమ్మా. బండి ఆగింది. సలాకలు ఆగలె" అని ఆమె చెప్పెను.

సలాకలు ముందుగోడను చీల్చుకొని గదిలోనికి వచ్చినవి. పిల్లవాడు బ్రదికెను, డ్రైవరు కాలు పోయెను. నాడు బండి నెక్కించినచోట గొలుసులు లేవు, త్రాళ్లు మాత్రమే యుండెను. చీకటిపడకముందే చేరవలెనని తొందరపెట్టిరి. ముందుగోడకును సలాకలకును నడుమ రెండడుగుల సందు మిగిలియుండెను. ఈ సంగతులను ఆమె ఎవరిని నిందింపక చెప్పెను. "ఇప్పుడు మా తమ్ముడు గూడ బండే నడుపుతడమ్మా. పోయేముందు గొలుసు నేనే గుంజి జూస్త" అని చెప్పి టీ పోసెను. ఆమె బడి చదువు చదివినట్లు లేదు. అయినను బండి వేఱు, బరువు వేఱు అను సత్యమును ఆమె తెలిసికొన్నంత స్పష్టముగ మేము ఏ పుస్తకమునందును తెలిసికొనలేదు.

ఆ మాటలోని శాస్త్రమును కొంచెము విప్పి చెప్పెదము. లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవుచున్నప్పుడు ప్రతి సెకనునకు ఇంచుమించు 17 మీటర్లు కదలును. దానిపైనున్న ఉక్కు కూడ అంతే వేగమున పోవుచుండును. బ్రేకు చక్రములను నిలుపును గాని ఉక్కును నిలుపదు. ఉక్కును నిలుపవలసినది దానికిని బండికిని నడుమనున్న కట్టు, ఒఱపిడి, ముందుగోడ, ఇవియే. సందు మిగిలియున్నచో ఉక్కు ఆ సందులో స్వేచ్ఛగా జాఱి సమ్మెటవలె గోడను మొత్తును. మొదటినుండియు ఆనుకొనియున్నది నెట్టును; దూరమునుండి వచ్చునది కొట్టును. ఈ రెంటికిని గల భేదమును, తలుపును మెల్లగ మూయుటకును దభాలున వేయుటకును గల భేదమును ఎఱిగిన వారందఱు గ్రహింపగలరు.

గట్టి బ్రేకు వేసినప్పుడు బరువులో పదింట ఎనిమిదవ వంతు బలముతో సామగ్రి ముందునకు నెట్టునని పలుదేశముల నియమములలో లెక్కకట్టబడినది; మలుపులలో ప్రక్కలకు సగము బలము. ఇరువది టన్నుల ఉక్కైనచో ముందునకు పదునాఱు టన్నుల నెట్టుడు అన్నమాట. ఇనుముపై ఇనుమును ఉత్తగా పెట్టినచో ఒఱపిడి మూలమున నిలుచునది బరువులో అయిదవ వంతుకూడ ఉండకపోవచ్చును. ఉన్నదనుకొన్నను అది నాలుగు టన్నులే. నూనె యంటినచో ఇంకను తగ్గును. నూనెచేతితో ఇత్తడిచెంబును పట్టుకొని చూచిన యే యిల్లాలికైనను ఇది తెలిసినదే. మధ్య చెక్క వేసినచో ఒఱపిడి దాదాపు రెట్టింపగును. రబ్బరు చాపలు వేసినచో మూడురెట్లగును. ముసలి మేస్త్రీ పఱచిన చెక్కదిమ్మెల ప్రయోజనమిది. మిగిలిన బలమంతయు గొలుసులును ముందుగోడయు ఓర్చుకొనవలెను.

గొలుసులకు కూడ ఒక నియమము కలదు. నిట్టనిలువుగా క్రిందికి లాగు గొలుసు తన బలమునంతటిని సామగ్రిని నొక్కుటకు వినియోగించును. ఏటవాలుగ పడి నేలతో 30 డిగ్రీల కోణమే చేయునది సగముమాత్రమే నొక్కును. సలాకల రాశి ఎత్తు తక్కువ యగుటచేత గొలుసు వెడల్పుగ పఱచికొని బలహీనమగును. అందుచేత ఎక్కువ గొలుసులు కావలెను. నారబెల్టులు తేలికయైనవే గాని ఉక్కు అంచు తగిలినచో కత్తికి తగిలినట్లు తెగును. అంచునకు మెత్త వేయనిదే వానిని వాడరాదు. అమెరికాదేశపు నియమములలో, వైచిన కట్లన్నింటి బలమును కలిపినచో సామగ్రి బరువులో సగమునకు తక్కువ కారాదని యున్నది. బయలుదేఱిన పిదప మొదటి 80 కిలోమీటర్లలోపల డ్రైవరు దిగి కట్లను చూచుకొనవలెను. ఆ తరువాత 240 కిలోమీటర్లకో మూడు గంటలకో ఏది ముందైన అప్పుడు మఱల చూడవలెను. కుదుపులకు సామగ్రి సర్దుకొని కట్లు వదులగును గనుక ఈ నియమము పెట్టిరి. మన యూరి మేస్త్రీ కూడ, "కొంచెం దూరం పొయ్యి మల్ల గుంజాలె" అని డ్రైవరుతో చెప్పియే పంపెను. దేశము వేఱైనను పని తెలిసినవారి మాట ఒక్కటే.

తలపైని విమానములకును ఈ ధర్మము తప్పదు. 2013వ సంవత్సరము ఏప్రిలు 29వ తేదీన ఆఫ్ఘనిస్థానములోని బాగ్రామునుండి అయిదు యుద్ధశకటములను మోసికొని లేచిన బోయింగు 747 సరకువిమానము లేచిన కొద్ది క్షణములలోనే కూలి, అందున్న ఏడుగురును మృతులైరి. పట్టీలు చాలక ఒక శకటము వెనుకకు కదలి, తోకభాగపు యంత్రములను చెఱచెనని విచారణలో తేలినది. అట్టి సామగ్రిని కట్టు విధానము సరిగ లేకుండుటయే కారణమని విచారణాధికారులు నిర్ణయించిరి. శంషాబాదున విమానములోనికి సరకు ఎక్కించునప్పుడు ప్రతి పలకకు గడియలు, ప్రతి మూటకు వలలు, ప్రతి బరువునకు కాగితముపై లెక్క యుండును. ఆకాశమునకు ఇంత జాగ్రత్త పడు మనము, దానిగోడకు ఆవలనున్న నేలదారిలో త్రాటిముడితో తృప్తిపడుట ఎంత విపరీతము!

మనదేశమున చట్టము లేకపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో వెనుకవైపు ఒక మీటరు వఱకు సామగ్రి పొడుచుకొని రావచ్చునను అనుమతి యొకటి యుండెను. అట్లు పొడుచుకొనివచ్చిన సలాకల మూలమున అనేకులు మరణించుటచేత 2014లో ఆ అనుమతి తొలగింపబడినది. కావున ఎఱ్ఱగుడ్డ కట్టితిమను సమాధానము నేడు చెల్లదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, బండి హద్దులను మీఱి సామగ్రిని పొడుచుకొని వచ్చునట్లు ఎక్కించినవారికి 20,000 రూపాయల జరిమానా. ఎక్కువైన సామగ్రిని దింపు ఖర్చు కూడ వారిదే. బండిని నడిపినవానికే గాక, అట్లు నడపనిచ్చినవానికిని ఈ శిక్ష వర్తించును. మితిమీఱిన బరువునకు 20,000 రూపాయలును, ఎక్కువైన టన్నొకటికి 2,000 రూపాయలును జరిమానా.

అయితే పోలీసువాడు ప్రతి మలుపునను నిలువలేడు. ఉక్కు చివరకు చేరునది మన గడపకే. ఇల్లు కట్టుటలో ఇటుక, సిమెంటు, ఇసుకల లెక్కలు చూచు ఇల్లాండ్రు నేడు కలరు. ఖర్చు పుస్తకము వారిచేతనే యున్నది. కిరాయి రెండువందలు తగ్గించుటకు బేరమాడుచున్నప్పుడే, సలాకలు ఏబండిలో వచ్చును, ఎట్లు కట్టుదురు, బయటికి పొడుచుకొని వచ్చునా అని మూడు ప్రశ్నలు అడుగవచ్చును. చిన్నబండియే గత్యంతరమైనచో, కావలసిన కొలతలకు అంగడియొద్దనే కోయించి తెప్పింపవచ్చును. స్తంభములకు, దూలములకు కావలసిన పొడవులు మేస్త్రీనడిగిన ముందే చెప్పును. "ఇంకను రాలేదేమి?" అని డ్రైవరునకు మాటిమాటికి ఫోను చేయకుండుట కూడ ఒక సాయమే. గొలుసు బిగించుటకు పట్టు అరగంటను ఆ తొందరయే మ్రింగివేయును.

సామగ్రి దింపునప్పుడు మఱింత జాగ్రత్త కావలెను. దారిలో కట్టలు ఒకప్రక్కకు ఒఱిగియుండును. గొలుసు విప్పినతోడనే అవి ఆ ప్రక్కకు దొర్లును. బండి వచ్చినదను సంబరముతో పిల్లలు చుట్టుమూగుట మనమెఱిగినదే. వారిని లోపలికి పిలిచి తలుపు వేయుడు. బండి ఒఱిగిన ప్రక్కను ఎవరును నిలువగూడదు. దింపు హమాలీలకు ముందుగ మంచినీళ్లిచ్చి, నింపాదిగ చూచి విప్పుడని చెప్పుడు.

ఇక దారిని పోవునప్పటి మాట. వెలుపలి వలయమార్గమున ద్విచక్రవాహనములకు ప్రవేశము లేదు. కాని బెంగుళూరు దారిలో స్కూటర్లు, ఆటోలు, ఉక్కుబండ్లు కలిసియే పోవుచున్నవి. సలాకలబండి వెనుక పోవలసివచ్చినచో, అది దాటిన స్తంభమును మనము చేరుటకు మూడు సెకనులైనను పట్టునంత ఎడముండవలెను. 60 కిలోమీటర్ల వేగమున అది ఏబది మీటర్లు. వానకాలమున ఇంకను ఎక్కువ. మలుపులలో దాని ప్రక్కన చేరగూడదు. బడికి పోవు బిడ్డలకు, ఉద్యోగములకు పోవు కోడండ్రకు ఈ మాట చెప్పియుంచుడు. గొలుసు వ్రేలాడుచున్న బండి కనబడినచో, నిలిచినచోట ఆ డ్రైవరునకు మర్యాదగ తెలియజేయుడు. "అన్నా, గొలుసు వదులైనది" అన్న మాటను తప్పుగా తీసికొను డ్రైవరు మాకింతవఱకు కనబడలేదు. దిగి చూచికొని చేయెత్తి నమస్కరించినవారినే చూచితిమి.

మా సోదరి సలాకలు ఆ సాయంకాలమే సురక్షితముగా చేరినవి. ఆమె చెల్లించిన ఎక్కువ కిరాయి, ఆ నెల యింటి పాలఖర్చుకంటె తక్కువ. త్వరలో గృహనిర్మాణము తలపెట్టు సోదరీమణులందఱును ఉక్కునకు బయానా ఇచ్చు నాడే ఈ సంగతిని అంగడివానితో స్పష్టముగ మాటలాడుకొని, రశీదుపై ఒక పంక్తి వ్రాయించుకొందురుగాక యని కోరుచున్నాము.